మూడు జతల మీసాలు

ఆయనకు మీసాల్లేవు. నున్నగా గీసిన మూతితోనే ముప్ఫై ఒక్క ఏళ్ళు ఉద్యోగం చేశాడు. అయినా మ్యూజియంలో గేటు కాపలాదారు మొదలుకొని డైరెక్టరు దాకా అందరూ ఆయన్ను మీసాల మాస్టారనే పిలిచేవారు. ఆయన చూసుకునేది మీసాల చేపల విభాగం మరి. ఏ బడిలోనూ పాఠం చెప్పిన పాపాన పోలేదు గానీ, ఎదుటివాడు అడక్కపోయినా వివరించే అలవాటు వల్ల మాస్టారు అన్న మాట కూడా వచ్చి అతుక్కుంది.

విభాగం అంటే ఏదో అనుకునేరు. నేలమాళిగలో పొడుగాటి గది ఒకటి, దాని నిండా ఇనప అరలు, అరల నిండా గాజు సీసాలు, గదంతా స్పిరిట్ వాసన. వేడి దేశాల మంచినీటిలో బతికే మీసాల చేపలన్నీ అక్కడ కుటుంబాలవారీగా కొలువు తీరి ఉంటాయి. చెరువెండిపోతే బురదలోంచి లేచి, రెక్కల మీద ఒళ్ళీడ్చుకుంటూ పక్క గుంటకు కాపురం మార్చేది ఒక సీసాలో. ఎప్పుడు చూసినా వెల్లకిలా ఈదేది ఇంకో సీసాలో. ముట్టుకుంటే షాకు కొట్టేది, ఒంట్లో ముళ్ళన్నీ బయటికి కనపడేది, పొలుసులకు బదులు పలకల కవచం తొడుక్కున్నది, అన్నీ వరసగా ఉంటాయి. ప్రపంచం మొత్తం మీద మూడు వేల పైచిలుకు జాతులు. ఏటా ఎవరో ఒకరు కొత్తది కనిపెడుతూనే ఉంటారు, ఇంకెవరో పాతదాన్ని జాబితాలోంచి కొట్టేస్తూనే ఉంటారు. దేవుడు చేపల్ని చేసి చేతులు దులుపుకున్నాడనీ, వాటిని ఒక దారిలో పెట్టే పని మాత్రం తన నెత్తిన పడేశాడనీ మాస్టారి నమ్మకం.

ఆ మూడు వేల పైచిలుకులో ఒకటి మాస్టారిది. అచ్చంగా ఆయన కనిపెట్టింది. ముక్కు మీద చిన్న జత, పైదవడ కొసల్లో పొడుగు జత, గడ్డం కింద రెండు జతలు. అది చేరిన కుటుంబంలో ఏ చేపను పట్టుకున్నా ఈ నాలుగు జతల మీసాలూ ఉంటాయి. మాస్టారి చేపకు మూడే. ముక్కు మీది జత లేదు. ఆ చోట "చదునుగా, గుండ్రంగా, ఆవగింజంత గుర్తు" ఉందని, అదే ఈ జాతి ప్రత్యేక లక్షణమని ఇరవై రెండేళ్ళ కిందట పత్రం రాశాడు. మిగతావన్నీ బజారులో దొరికే మామూలు చేపకున్నట్టే ఉన్నాయి గానీ, ప్రేమగా చూస్తే కన్ను రవ్వంత పెద్దదిగా కనపడింది. అదీ రాశాడు. ఆ తరవాత ఎంత గాలించినా అలాంటిది ఇంకొకటి దొరకలేదు. దాంతో అది అరుదైనదైంది. పదేళ్ళు గడిచాక అత్యంత అరుదైనదైంది. మొన్నీమధ్య ఒక పుస్తకంలో "బహుశా అంతరించిపోయింది" అని కూడా వేశారు. అది చదివిన రోజు మాస్టారికి దిగులూ గర్వమూ ఒక్కసారే ముంచుకొచ్చి అన్నం సయించలేదు.

ఆ చేపకు ఆయన తన అత్తగారి పేరు పెట్టాడు, చివర లాటిన్ తోక తగిలించి. దానికీ ఒక కారణముంది. పత్రంలో "చేపల బజారులో సేకరించినది" అని రాసుకున్నాడు గానీ, బజారులో సేకరించింది అత్తగారు. మాస్టారు సేకరించింది వంటింట్లో.

మధ్యాహ్నం భోజనానికి ఇంటికొచ్చి, చేతులు కడుక్కుందామని వంటింట్లోకి వెళ్తే బేసిన్లో చేప తలెత్తి చూస్తోంది. మూడు జతలు. ఇంకోసారి లెక్కపెట్టాడు. మూడే. అత్తగారు కత్తెర పట్టుకుని తిరిగొచ్చేసరికి అల్లుడు ఆ చేపను తన భోజనం డబ్బాలో సర్దుకుంటున్నాడు.

"అల్లుడుగారూ, అది కూరకి తెచ్చింది" అంది ఆవిడ.

"ఇది కూర కాదు అత్తయ్యగారూ, చరిత్ర" అని మాస్టారు చెప్పుల్లో కాళ్ళు పెట్టి వెళ్ళిపోయాడు. ఆ పూట ఇంటిల్లిపాదీ కూర లేకుండానే తిన్నారు. రెండు రోజులు అత్తగారు ఆయనతో మాట్లాడలేదు.

పేరు పెట్టిన సంగతి తెలిశాక ఇంకో రెండు రోజులు మాట్లాడలేదు. బురదలో పొర్లే చేపకు తన పేరా అని కూతురి దగ్గర మండిపడింది. అంతలో డైరెక్టరు స్వయంగా ఇంటికొచ్చి, పూలగుత్తి చేతిలో పెట్టి, అమ్మా మీ పేరు శాశ్వతంగా నిలిచిపోయింది అన్నాడు. మర్నాడే ఆవిడ ఆ చేప బొమ్మకు ఫ్రేము కట్టించి ముందుగదిలో తన కుర్చీకి ఎగువన వేలాడదీయించింది. అప్పట్నుంచీ మీటరు చూడ్డానికి వచ్చినవాడికైనా, గుండె చూడ్డానికి వచ్చిన డాక్టరుకైనా ఆవిడ ముందుగా చూపించేది అదే. "నా చేప" అనేది. అంతకుమించి ఒక్క ముక్క చెప్పేది కాదు.

ఇల్లు అత్తగారిది. మాస్టారు ఇల్లరికపు అల్లుడు. చేపకు ముందు ఆ ఇంట్లో ఆయన స్థానం గుమ్మం పక్కన గొడుగులు పెట్టే చోటికి కాస్త ఇవతల. చేప తరవాత ముందుగదిలో రెండో కుర్చీ ఆయనదైంది. ఇంకో నాలుగు నెలల్లో రిటైరై, ఆ కుర్చీలో కాలు మీద కాలేసుకుని, ఎదురుగా ఫ్రేములో తన చేపను చూసుకుంటూ శేషజీవితం గడిపేద్దామని ఆయన నిశ్చింతగా ఉన్నాడు.

సరిగ్గా అప్పుడు వచ్చింది పరిశోధకురాలు. ముప్ఫై నాలుగైదేళ్ళ మనిషి, జుట్టు పొట్టిగా కత్తిరించుకుంది. ఆ చేపల కుటుంబం మొత్తాన్నీ మళ్ళీ మొదట్నుంచీ వర్గీకరిస్తోందట. మాస్టారి చేప మూలనమూనా, అంటే ఏ చేపను చూసి ఆ పేరు పెట్టాడో సాక్షాత్తూ ఆ చేప, ఒకసారి చూడాలని డైరెక్టరు దగ్గర ఉత్తరం తెచ్చుకుంది. మాస్టారు ఎర్ర రిబ్బను కట్టిన సీసాను రెండు చేతులతో తెచ్చి బల్ల మీద పెట్టాడు. చేపను ట్రేలోకి తీసేటప్పుడు మాత్రం ఆమెను ముట్టుకోనివ్వలేదు.

మ్యూజియంవాళ్ళు కిందటేడు కొన్న కొత్త మైక్రోస్కోపు కింద ఆమె దాన్ని పెట్టి చూసింది. చాలాసేపు చూసింది. మాస్టారు ఈలోగా ఆ చేప చరిత్రంతా చెప్పుకొచ్చాడు, వంటిల్లు మినహాయించి.

"సార్, ఒక్కసారి మీరు చూస్తారా?" అంది.

"నాకు తెలియనిది అందులో ఏముందమ్మా."

"ఒకటుంది సార్."

మాస్టారు కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టి వంగాడు. ఇరవై రెండేళ్ళ కిందట ఆయన చూసింది బూజు పట్టిన పాత కటకంలోంచి. కొత్తది వచ్చాక ఈ చేపను దాని కింద పెట్టనేలేదు. సొంత పెళ్ళి ఫొటోలో పెళ్ళాం ఉందా లేదా అని ఎవరు సరిచూసుకుంటారు? ఇప్పుడు చూస్తే ఆవగింజంత గుర్తు పళ్ళెమంత కనపడింది. దాని నడిమధ్యన తెల్లటి చుక్క. మీసం లోపల మెత్తటెముక. పుట్టుకతో లేని మీసానికి లోపల ఎముక ఉండదు. రెండో పక్కా అంతే. రెండూ ఒకే ఏటవాలుగా, ఒకే నునుపుతో తెగి ఉన్నాయి.

"కత్తెర" అన్నాడు మాస్టారు, తనకు తెలియకుండానే.

"నాకూ అలాగే అనిపించింది సార్. కానీ బజారులో అయితే అన్నీ కత్తిరిస్తారు కదా. ఈ రెండే ఎందుకు కత్తిరించినట్టు?"

మాస్టారు కళ్ళజోడు మళ్ళీ కిందికి దించుకున్నాడు. ఆమె చేపను ఓపిగ్గా ట్రేలో సర్ది, స్పిరిట్‌లో తడిపిన గుడ్డ కప్పింది. నెలాఖరుకు తన పత్రం వెళ్ళిపోతుందని చెప్పింది.

"ఈలోగా మీరే సవరణ రాసుకుంటే బాగుంటుంది సార్. మీరు కొట్టేశారని నేను రాస్తాను."

"నేను ఒప్పుకోకపోతే?"

"అప్పుడు నేను కొట్టేస్తాను. మీరు జవాబు రాస్తారు. దానికి నేను మళ్ళీ రాస్తాను."

ఈ వృత్తిలో అలాంటి తగాదాలు ముప్ఫై ఏళ్ళు నడుస్తాయని ఇద్దరికీ తెలుసు. మాస్టారి వయసుకు ముప్ఫై ఏళ్ళ తగాదా అంటే నిండు నూరేళ్ళూ నిశ్చింతే.

ఆ ఆదివారం పొద్దున్న ఆయన వంటింట్లోకి వెళ్ళాడు. భార్య సింకు దగ్గర చేపలు బాగుచేస్తోంది.

"ఏం కావాలండీ?"

"ఏమీ లేదు. చూద్దామని."

"ఏం చూద్దామని?" అంది ఆవిడ అనుమానంగా. ఇరవై రెండేళ్ళుగా ఆయన ఆ గదిలో పావుగంట నిలబడింది లేదు.

ఆవిడ ఎడమచేత్తో చేప తల పట్టుకుని, కత్తెర తీసి, ముక్కు మీది రెండు చిన్న మీసాల్నీ టక్ టక్‌మని మొదలంటా కత్తిరించింది. అవి సింకు గట్టు మీద పడ్డాయి.

"ముందు అవెందుకు?"

"తల పట్టుకుంటే వేళ్ళకి తగిలి ఒళ్ళు జివ్వుమంటుంది. అమ్మ ఇలాగే నేర్పింది. ముందు ఈ రెండూ, తరవాత రెక్కల పక్క ముళ్ళు, ఆ తరవాత మిగతావి. ఏమైందండీ, అలా అయిపోయారేం?"

మాస్టారు స్టూలు మీద కూలబడి జరిగింది చెప్పాడు. ఆవిడ మొదట నమ్మలేదు. తరవాత నవ్వింది. చేతులకు చేపల నీచు ఉండటంతో కళ్ళు తుడుచుకునే వీల్లేక భుజానికి మొహం రాసుకుంటూ నవ్వింది. ఉన్నట్టుండి ఆగిపోయింది.

"అమ్మకి చెప్పకండి."

"చెప్పకుండా ఎలా?"

"ఎనభై ఒక్కేళ్ళు ఆవిడకి. ఉన్న గొప్పంతా ఆ ఒక్క ఫ్రేమే. అది కూడా ఉత్తదే అంటే ఏమైపోతుంది? మీ పత్రాలూ మీ సవరణలూ ఆవిడ పోయాక పెట్టుకోండి."

నిజమే అనిపించింది మాస్టారికి. ఆవిడకు తానిచ్చిన గౌరవాన్ని ఆవిడ కళ్ళ ముందే లాక్కోవడం కంటే ముప్ఫై ఏళ్ళ తగాదాయే మర్యాద అనిపించింది. తనకు కుర్చీ పోతుందన్న సంగతి ఆయన పైకి అనలేదు గానీ, దాన్ని మరిచిపోయిందీ లేదు.

సోమవారం నేలమాళిగలో కూర్చుని జవాబు మొదలుపెట్టాడు. ఆ మీసాల్ని వేరే చేప కొరికి ఉండవచ్చుననీ, గాయం మానేటప్పుడు అలా చదునవడం అసాధ్యం కాదనీ, కన్ను రవ్వంత పెద్దగా ఉండటాన్ని కాదనడానికి వీల్లేదనీ నాలుగు పేజీలు రాశాడు. ఎంత బాగా కుదిరిందంటే, చదువుకుంటుంటే తనకే నమ్మకం కలిగింది. ఇలాంటి వాదన తాను ముందెక్కడో విన్నట్టుందే అని పాత ఫైళ్ళు తీశాడు. దొరికింది.

అది ఒక ముసలి ప్రొఫెసరు రాసింది. ఆ పెద్దాయన పెరగని పిల్లచేపను చూసి కొత్త జాతి అనుకుని, దానికి తన గురువు పేరు పెట్టుకున్నాడు. మాస్టారు అప్పుడు ఉడుకు రక్తం మీద ఉన్నాడు. ఆ జాతిని కొట్టేస్తూ, "అజాగ్రత్తగా పరిశీలించడం వల్ల జరిగిన పొరపాటు" అని రాశాడు. పెద్దాయన నాలుగు పేజీల జవాబు రాశాడు, ఎవరూ పట్టించుకోలేదు. తరవాత మాస్టారికి ఒక కార్డు వచ్చింది. "మీకూ వయసొస్తుంది" అన్న ఒక్క వాక్యమే ఉంది దాని మీద. అప్పట్లో ఆ కార్డును గదిలో అందరికీ చూపించి నవ్వాడు. ఇప్పుడు తన నాలుగు పేజీలూ ఆయన నాలుగు పేజీలూ పక్కపక్కన పెట్టుకుని చూస్తే మాస్టారికి తల కొట్టేసినట్టయింది. ఒంటరిగా కూర్చున్న గదిలోనే సిగ్గుతో తలెత్తలేకపోయాడు. తన పేజీలు నిలువునా చించేశాడు.

సవరణ అరపేజీలో అయిపోయింది. ఈ జాతి లేదు, ఇది బజారులో దొరికే మామూలు చేపే, ముక్కు మీది మీసాలు బాగుచేసేటప్పుడు కత్తిరించబడినవి అని రాశాడు. అక్కడ పెన్ను ఆగిపోయింది. ఎవరు కత్తిరించారో, ఆ మాట ఎవరు చెప్పారో పేరుతో సహా రాయాలి. పేరు రాయాలంటే ఆ మనిషిని అడగాలి. ఇదంతా ఆయన పాటించే వృత్తి ధర్మమే. ఇతరుల పత్రాల్లో అది లోపిస్తే ఎర్ర సిరాతో గీతలు గీసింది ఆయనే.

మర్నాడు పొద్దున్న అత్తగారు ముందుగదిలో తన కుర్చీలో కూర్చుని బఠాణీలు ఒలుస్తోంది. మాస్టారు వెళ్ళి గుమ్మం పక్కన నిలబడ్డాడు.

"అత్తయ్యగారూ, మీతో ఒక మాట."

"కూర్చుని చెప్పండి."

ఆయన కూర్చోలేదు. ప్రపంచంలో మూడు వేల పైచిలుకు మీసాల చేపలున్నాయని మొదలుపెట్టాడు. వాటిని వేరుచేయడం ఎంత కష్టమో చెప్పాడు. మహామహులే పప్పులో కాలేశారని రెండు ఉదాహరణలు ఇచ్చాడు. మూడోది అందుకోబోతుంటే ఆవిడ బఠాణీ కాయ పక్కన పెట్టింది.

"మీసాల సంగతేనా, అల్లుడుగారూ?"

"మీ అమ్మాయి చెప్పిందా?"

"అదేం చెప్పలేదు. కత్తిరించింది నేనైతే నాకు ఒకరు చెప్పాలా?"

ఆవిడ ఫ్రేము వైపు చూడను కూడా లేదు, మళ్ళీ బఠాణీలు అందుకుంది.

"మీరు బొమ్మ తెచ్చి చూపించిన రోజే లెక్కపెట్టాను. మూడు జతలే, అదే దీని గొప్ప అన్నారు. అయ్యో అనుకున్నాను. మీరు చేపని పట్టుకెళ్ళిన రోజు ఆ రెండు మీసాలూ సింకు గట్టు మీదే ఉన్నాయి. నేనే తుడిచి పారేశాను."

"మరి ఒక్క మాట చెప్పలేదేం అత్తయ్యగారూ?"

"చెబుదామనే అనుకున్నాను. ఈలోగా మీ డైరెక్టరుగారొచ్చారు. ఆ పూట మీరు ఆ కుర్చీలో కాలు మీద కాలేసుకుని కూర్చున్నారు. పెళ్ళయిన ఎనిమిదేళ్ళలో ఈ ఇంట్లో మీరలా కూర్చోవడం అదే మొదలు. అప్పటిదాకా ఇదిగో, ఇప్పుడు నిలబడ్డారే, ఇలాగే గుమ్మం పక్కన నిలబడేవారు, బస్సు కోసం చూస్తున్నట్టు. ఇంకో వారం పోనిద్దాం, తరవాత చెబుదాం అనుకున్నాను."

"ఇరవై రెండేళ్ళయింది."

"వారాలు అలాగే పోతాయి."

"వచ్చినవాళ్ళందరికీ నా చేప అని చెప్పేవారు కదా."

"అబద్ధమా ఏంటి? అది నేను చేసిందే."

మాస్టారు వచ్చి తన కుర్చీలో కూర్చున్నాడు. కాలు మీద కాలు మాత్రం వేసుకోలేదు. ఆ చేప పేరు ఆవిడకు తానిచ్చిన గౌరవమని ఇన్నేళ్ళూ లోలోపల పొంగిపోయాడు. తీరా చూస్తే తనకు గౌరవం ఇస్తున్నది ఆవిడే, అదీ రోజూ, నోరు మెదపకుండా, వచ్చేపోయేవాళ్ళందరి ఎదుటా. చూడటమే తన వృత్తి అనుకున్నవాడికి ఎదురుగా ఉన్న మనిషి ఇరవై రెండేళ్ళు కనపడలేదు. ఆయనకు ఏడుపొచ్చింది. చేతులూరుకోక బఠాణీలు ఒలవడం మొదలుపెట్టాడు.

"ఆ జేబులో కాగితం ఉందిగా, ఏం రాశారో చదవండి" అంది ఆవిడ.

ఆయన జేబులోంచి కాగితం తీసి, ఆవిడకు అర్థమయ్యే మాటల్లో చదివాడు. "అజాగ్రత్తగా పరిశీలించడం వల్ల" అన్నచోట ఆవిడ ఆపింది.

"అజాగ్రత్తేం కాదు. ఆకలి మీదున్నారు ఆ పూట. అది రాయండి."

"అలా రాయరు అత్తయ్యగారూ."

"మరి నా పేరు రాస్తారా?"

"మీరు సరేనంటేనే."

"రాయండి. వంటింటి కత్తెరతో కత్తిరించింది అని కూడా రాయండి. కత్తి అనుకుంటారు మళ్ళీ." ఇంకో కాయ అందుకుంటూ అడిగింది. "చేపకి పెట్టిన నా పేరు తీసేస్తారన్నమాట."

"తియ్యడానికి వీల్లేదు. అచ్చయిన పేరు అచ్చయినట్టే. అసలు పేరు కింద, చెల్లని పేరు అని, ఎప్పటికీ ఉంటుంది."

"పర్లేదు. చెల్లకపోయినా ఉండటమేగా ఈ వయసులో నేను చేస్తున్నదీ."

సవరణ అచ్చయింది. పరిశోధకురాలు తన పత్రంలో దాన్ని మర్యాదగా ఉదహరించింది. అత్తగారి పేరు వైజ్ఞానిక సాహిత్యంలో రెండోసారి, ఈసారి తోక లేకుండా, వంటింటి కత్తెరతో సహా ఎక్కింది. "బహుశా అంతరించిపోయింది" అనుకున్న చేప ఆ వారమే బజారులో కుప్పలు పోసి కనపడింది. అంతరించిపోయిన జాతిని అరపేజీతో బతికించిన ఘనుడని మ్యూజియంలో మాస్టారి రిటైర్మెంటు సభలో డైరెక్టరు చమత్కరించాడు. అందరూ నవ్వారు. మాస్టారూ నవ్వాడు, కాస్త ఆలస్యంగా.

ఫ్రేము మాత్రం అత్తగారు తియ్యనివ్వలేదు. మీటరు చూసేవాడికి ఇప్పటికీ "నా చేప" అనే చెబుతుంది.

మార్పల్లా ఒక్కటే. ఆదివారం పొద్దున్న వంటింట్లోంచి ఆవిడ కేక వినపడుతుంది. "అల్లుడుగారూ, ఒకసారిలా వస్తారా?" మాస్టారు కుర్చీలోంచి లేచి, కళ్ళజోడు తుడుచుకుంటూ వెళ్తాడు. ఆవిడ స్టూలు మీద కూర్చుని ఉంటుంది. భార్య చేప తల పట్టుకుని ఆయన వైపు తిప్పి నిలబడుతుంది.

"చూసుకోండి. మీరు చూసుకున్నాకే కత్తిరిస్తాం."

ఆయన వంగి లెక్కపెడతాడు. ముక్కు మీద ఒకటి, దవడకు ఒకటి, గడ్డం కింద రెండు.

"నాలుగు జతలూ ఉన్నాయి అత్తయ్యగారూ."

"సరిగ్గా చూశారా?"

ఆయన మళ్ళీ వంగి ఇంకోసారి లెక్కపెట్టి, కత్తెర తనే తీసి భార్య చేతికి అందిస్తాడు.